రాయని రోజులకు సంజాయిషీ అక్కర్లేదు

పీహెచ్‌డీ చేస్తున్న లెక్చరర్లకు పెళ్లి భోజనాలంటే ఒక రకమైన జంకు. బంతిలో పక్కన కూర్చున్న బాబాయి ముద్దపప్పులో నెయ్యి వేయించుకుంటూ అడగనే అడుగుతాడు: "ఏమ్మా, ఆ థీసిస్సేదో అయిపోయినట్టేనా?" "అవుతోంది బాబాయ్" అని మాటను బూరెల మీదికి మళ్లించటం అందరికీ అబ్బిన విద్యే. అసలు బాధ ఇంటికి వెళ్లాక మొదలవుతుంది. రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ తీస్తే మూడో అధ్యాయం ఫైలు పక్కన రెండు నెలల కిందటి తేదీ కనిపిస్తుంది. ఫైలు తెరవటానికి చెయ్యి రాదు. మూసేసి పడుకుంటే నిద్ర రాదు.

ఆ రెండు నెలలూ ఆ లెక్చరరు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేదు. వారానికి పదహారు గంటల పాఠాలు (అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి యూజీసీ కట్టిన లెక్క అది), ఇంటర్నల్ పరీక్షల పేపర్లు, కాలేజీ గుర్తింపు కోసం నాక్ ఫైళ్లు, ఇంట్లో అత్తగారి కంటి ఆపరేషను. ఇన్ని చేసిన మనిషికి కూడా 'రాయలేదు కదా' అన్న ఒక్క మాట ముందు మిగతావన్నీ లెక్కలోకి రాకుండా పోతాయి. ఈ అధ్యాయం ఆ మాటను ఎలా పక్కన పెట్టాలో, పక్కన పెట్టాక పని ఎలా నడపాలో చెబుతుంది.

తప్పు చేశానన్న బాధ ఉంటేనే మనిషి దారికొస్తాడని మన ఇళ్లలో, బళ్లలో గట్టి నమ్మకం. పరీక్షించి చూసినవాళ్లకు వేరేగా తేలింది. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ వోల్, తిమొతీ పిచిల్, షానన్ బెనెట్ మొదటి సంవత్సరం విద్యార్థుల మీద చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసుకున్నందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు, రెండో పరీక్షకు వచ్చేసరికి వాయిదా తగ్గించారు. తమను తిట్టుకుంటూ కూర్చున్నవాళ్లలో ఆ మార్పు రాలేదు. కారణం ఊహించటం కష్టం కాదు. తిట్లన్నీ పుస్తకానికి అంటుకుంటాయి. పుస్తకం చూస్తేనే చేదు పుడుతుంది. చేదు పుట్టిన చోటికి ఎవరు మాత్రం ఇష్టంగా వెళతారు? ఫైలు తెరవటానికి చెయ్యి రాకపోవటం బద్ధకం అనుకుంటాం గానీ, చాలాసార్లు అది ఈ చేదు చేసే పని.

ఈ చేదుకు ఒక మూలం 'రోజూ రాయాలి' అన్న సూత్రం. అమెరికన్ మనస్తత్వవేత్త రాబర్ట్ బోయిస్ 1980లలో కొద్దిమంది అధ్యాపకులను గమనించి, రోజూ కాసేపు రాసేవాళ్లు సెలవులొచ్చేదాకా ఆగి ఒక్క ఊపున రాసేవాళ్ల కంటే ఎక్కువ పేజీలు తెస్తున్నారని చెప్పాడు. ఆ మాటే తర్వాత వచ్చిన సలహా పుస్తకాలన్నింటికీ వేదవాక్కయింది. న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన హెలెన్ స్వోర్డ్ 2016లో దీన్ని మళ్లీ తిరగేసి, అంత పెద్ద సూత్రం చాలా సన్నటి దారానికి వేలాడుతోందంది. బాగా రాస్తారని పేరున్న వంద మంది విద్యావేత్తలను ఆమె కలిసి మాట్లాడింది. రోజూ రాసేవాళ్లు అందులో కొద్దిమందే. మిగతావాళ్లు వేకువజామున రాసేవాళ్లు, సెలవుల్లో రాసేవాళ్లు, గడువు మెడ మీదికొస్తే తప్ప కలం పట్టనివాళ్లు. బోయిస్ చెప్పింది అబద్ధమేమీ కాదు. రోజూ అరగంట దొరికేవాళ్లకు ఆ పద్ధతి బంగారం. దొరకనివాళ్లకు అది రోజూ ఒక తద్దినం.

ఆక్లండ్ దాకా పోనక్కర్లేదు, బందరు చాలు. ఈ ఊరి గాలి పీల్చినవాళ్లు ఎన్ని రకాలుగా రాశారో చూస్తే 'ఇదొక్కటే పద్ధతి' అనే మాట ఎవరి నోటా రాదు.

అందరికీ తెలిసిన కథ 'వేయిపడగలు'ది. బందరు హిందూ హైస్కూల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి దగ్గర చదువుకున్న విశ్వనాథ సత్యనారాయణ, 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ కోసం ఆ నవలను 29 రోజుల్లో పూర్తిచేశారు. తాను చెబుతూ పోతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశాడు. ఆ బహుమతిని అడివి బాపిరాజు 'నారాయణరావు'తో పంచుకున్నారు. ఈ 29 అంకె పరిశోధక విద్యార్థుల పాలిట శాపం. 'ఆయన నెల తిరక్కుండా అంత నవల రాశాడే, నేను ఏడాదికి ఒక అధ్యాయం రాయలేకపోయానే' అని కుమిలిపోతుంటారు. వాళ్లు మరిచిపోయేది ఏమిటంటే, అదే మనిషి 'రామాయణ కల్పవృక్షం' రాయటానికి సుమారు మూడు దశాబ్దాలు తీసుకున్నారు. ఒక పనికి నెల, ఇంకో పనికి ముప్పై ఏళ్లు. మనిషి ఒక్కడే.

ముట్నూరి కృష్ణారావు గారిది మరో దారి. 1902లో బందరులో పుట్టిన కృష్ణాపత్రికకు ఆయన 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా సంపాదకుడు. వారపత్రిక కాబట్టి మూడ్ ఉందా లేదా అని కాలం అడగదు, వారం తిరిగేసరికి సంపాదకీయం కావాలి. దివిసీమలోని పెదకళ్లేపల్లిలో 1888లో పుట్టిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారి పనికి మాత్రం ఇలా వారాల లెక్క కుదరదు. చాటుపద్యాలు ఒకచోట రాశిపోసి ఉండే సరుకు కాదు. ఎవరి నోటనో ఒకటి, ఏ తాళపత్రం అంచునో ఒకటి దొరకాలి. దొరికినప్పుడు రాసుకోవాలి, దొరకనినాడు ఊరుకోవాలి. 'చాటుపద్య మణిమంజరి' అలాంటి సరుకుతో కట్టిన పుస్తకం. ఆ దొరకని రోజులను రాయని రోజుల కింద జమకట్టి ఆయన మీద నేరం మోపేవాడెవడు?

అన్నిటికంటే చక్కటి సాక్ష్యం బందరు డాక్టరు గారిది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1942 ఆగస్టులో అరెస్టయి అహ్మద్‌నగర్ కోటకు వెళ్లారు. అప్పటికే 1935లో కాంగ్రెస్ స్వర్ణోత్సవాలకు ఆ సంస్థ చరిత్రను పెద్ద గ్రంథంగా రాసిన మనిషి. కోటలో ఆయనతోపాటు జవహర్‌లాల్ నెహ్రూ, మౌలానా ఆజాద్ ఉన్నారు. ముగ్గురికీ అదే గోడ, అదే తిండి, అంతే తీరిక. పట్టాభి ఏ రోజుకారోజు జైలు దినచర్యను డైరీకెక్కించారు. అదే 1946లో 'ఫెదర్స్ అండ్ స్టోన్స్' అయింది. ఆజాద్ వేకువజామున లేచి, తన చేతులతో తేనీరు కాచుకుని, ఒక మిత్రుడికి ఉత్తరాలు రాసేవారు. అవి పోస్టులో వెళ్లవని తెలుసు. అయినా రాసేవారు. 'గుబార్-ఎ-ఖాతిర్' ఆ ఉత్తరాలే. నెహ్రూ 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' రాసింది 1944 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య ఐదు నెలల్లో. అంటే కోటలోకి వచ్చాక ఏడాదిన్నరకు పైగా ఆ పుస్తకం మొదలే కాలేదు. చదువుకున్నారు, తోట పని చేసుకున్నారు. తలుపులు మూసి, తీరిక ఇచ్చి, ముగ్గురు ఉద్దండులను కూర్చోబెట్టినా ముగ్గురూ ఒకేలా రాయలేదు. నాలుగు సెక్షన్లకు పాఠాలు చెప్పే లెక్చరరు ఇంకొకరి టైంటేబుల్ ప్రకారం ఎలా రాస్తుంది?

ఇక ఆవిడ దగ్గరికే వద్దాం. గుడివాడలో చరిత్ర పాఠాలు చెబుతూ పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తున్న అధ్యాపకురాలు అనుకోండి. అంశం 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, దాన్ని చూసినవాళ్ల జ్ఞాపకాలు. ఇంటర్వ్యూల కోసం పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి దాటి పాలకాయతిప్ప దాకా వెళ్లాలి. దారి అక్కడితో సముద్రంలో కలుస్తుంది.

మామూలు ఆదివారం వెళితే చాలామంది మగవాళ్లు ఊళ్లో ఉండరు. పోటూ పాటూ చూసుకుని వేటకు వెళతారు, వచ్చాక వలలో చిక్కినదాన్ని ఏరుకోవటం, అమ్ముకోవటం. రికార్డరు పట్టుకుని కూర్చుందామంటే వినే తీరిక ఎవరికీ ఉండదు. కానీ తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి. మనుషులు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటారు. చేతులు పనిలో ఉంటాయి గానీ నోళ్లు ఖాళీ. ఉప్పెన సంగతి అడగటానికి ఇంతకన్నా మంచి అదును లేదు. ఉప్పెన నాటికి పాతికేళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి, ఒక్క వేసవి పోగొట్టుకున్నా కొన్ని గొంతులు మళ్లీ దొరకవు. అదృష్టంకొద్దీ కాలేజీ సెలవులూ అందులోనే వస్తాయి.

ఆ 61 రోజులూ వేటకెళ్లలేదని ఏ మత్స్యకారుడూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోడు. వాటిని సుఖపు రోజులనీ అనలేం. ఇల్లు గడవటం కష్టం కాబట్టే ప్రభుత్వం భృతి ఇస్తుంది, 2025లో అది కుటుంబానికి 20 వేలయింది. కష్టం ఉంది, సిగ్గు లేదు. ఎందుకంటే ఆ ఆగటం ముందే పంచాంగంలో ఉంది. అధ్యాపకులు తెచ్చుకోవాల్సింది సరిగ్గా ఈ తేడానే. పడవ ఒడ్డున ఉండే నెలలు ఏవో ముందే రాసి పెట్టుకుంటే, ఆ నెలలొచ్చినప్పుడు ఎవరూ తప్పు చేసినట్టు కాదు.

చెయ్యాల్సింది ఇంతే. ఒక తెల్లకాగితం మీద పన్నెండు గళ్లు గీసి, గడిచిన ఏడాది నిజంగా ఎలా గడిచిందో రాయాలి. ఉండాల్సినట్టు కాదు, ఉన్నట్టు. సెమిస్టర్ పరీక్షలు, ఇన్విజిలేషను, స్పాట్ వాల్యుయేషను, అడ్మిషన్లు, కమిటీల రాకపోకలు, పండగలు, డెల్టాలో ఉండేవాళ్లయితే అక్టోబరు, నవంబరుల్లో తుపాను సెలవులూ కరెంటు పోవటమూ. ఇలా రాస్తే ఆరేడు గళ్లు వాటంతటవే నల్లబడతాయి. మిగిలినవాటిలోనే, అంటే సంక్రాంతి సెలవుల్లో, మే నెలలో, ఆగస్టులో ఓ మూడు వారాల్లో కొత్త వాదన కట్టటం, అధ్యాయం చిత్తుప్రతి రాయటం వంటి బరువు పని పెట్టుకోవాలి. నల్ల గళ్లలో చిత్తుప్రతి పెట్టుకోవటం అంటే కావాలని తిట్లు కొనితెచ్చుకోవటమే.

నల్ల గళ్లు ఖాళీగా మాత్రం ఉండవు. వాటికి చేతి పని ఉంది. పాలకాయతిప్పలో రికార్డు చేసిన గంట మాటలను కాగితం మీద పెట్టటానికి తక్కువలో తక్కువ నాలుగైదు గంటలు పడుతుంది. పది నిమిషాల టేపు ముప్పావుగంట పని. పరీక్షల డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చిన సాయంత్రం కూడా ఆ ముప్పావుగంట చెయ్యొచ్చు, ఎందుకంటే ఆలోచించాల్సింది తక్కువ, వినాల్సింది ఎక్కువ. ఉపయుక్త గ్రంథాల పట్టిక సరిచెయ్యటం, ఫొటోల కింద వివరాలు రాయటం, మండలాలవారీ అంకెలను పట్టికలో పెట్టటం ఇవన్నీ ఈ కోవలోవే. ఇవి రాత కిందికి రావని కొందరు గురువులు చప్పరిస్తారు. వైవా రోజున అదే పట్టికలో తప్పు దొరికితే ముందు గొంతెత్తేది వాళ్లే.

పనికి కూర్చున్న ప్రతిసారీ లేచేముందు ఒక చీటీ రాయాలి. ఈ పద్ధతిలో దీనికి మించిన పనిముట్టు లేదు. చీటీ ఇలా ఉండొచ్చు: "టేపు 2, 14వ నిమిషం దగ్గర ఆగాను. పెద్దావిడ గుడి సంగతి ఎత్తింది, ఏ గుడో చెప్పలేదు. వాళ్లబ్బాయికి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇది మూడో అధ్యాయంలో తలదాచుకున్న చోట్ల కిందికి." ముప్పై మాటలు లేవు. కానీ నలభై రోజుల తర్వాత తిరిగొచ్చిన మనిషికి ఎక్కడ చెయ్యి పెట్టాలో ఇది చూపిస్తుంది. చీటీ లేకపోతే ఆ మనిషి అధ్యాయాన్ని మొదటి పేజీ నుంచి చదవటం మొదలుపెడుతుంది, మొదటి పేరాలో మాటలు అటూ ఇటూ మారుస్తుంది, గంట గడుస్తుంది, లేచిపోతుంది. చాలా థీసిస్‌లలో మొదటి నాలుగు పేజీలు అద్దంలా మెరిసి, ఐదో పేజీ నుంచి గుంతల రోడ్డు మొదలవటానికి కారణం ఇదే.

తిరిగి మొదలుపెట్టే రోజును గాలికొదలకూడదు. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టాటర్ 1997లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. క్రిస్మస్ ముందు రోజు ఎలా గడిపారో రెండు రోజుల్లోగా రాసి పంపమని విద్యార్థులను అడిగారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకున్నవాళ్లలో సుమారు ముప్పావు వంతు మంది పంపారు. ఆ నిర్ణయం చేసుకోనివాళ్లలో మూడోవంతే. కాబట్టి 'వాల్యుయేషన్ అయ్యాక చూద్దాం' అనుకుంటే చాలదు. 'వాల్యుయేషన్ ముగిసిన మర్నాడు, కాఫీ తాగాక, భోజనాల బల్ల దగ్గర, టేపు 2' అనుకోవాలి. ఆ రోజు అరగంటకు మించి లక్ష్యం పెట్టుకోకూడదు. పాత బాకీ అసలే కట్టకూడదు. రోజుకు మూడు వందల మాటల చొప్పున ఇరవై రోజులకు ఆరువేల మాటలు బాకీ అని లెక్కేసుకున్నవాళ్లెవరూ ఆ ఆరువేలూ తీర్చలేదు, ఏడో రోజుకు ఫైలు తెరవటమే మానేశారు. బాకీ మాఫీ.

విశ్వనాథ వారి దగ్గర అందరూ తీసుకోదగ్గది 29 రోజుల వేగం కాదు, చెప్పి రాయించటం. ఇప్పుడు రాసిపెట్టే తమ్ముడు అక్కర్లేదు, ఫోన్ చాలు. తెలుగులో మాట్లాడితే తెలుగులోనే అచ్చుకొట్టిపెడుతుంది. తప్పులుంటాయి, దిద్దుకోవాలి. ఇంగ్లిష్‌లో థీసిస్ రాసేవాళ్లకు ఇది మరీ మేలు. చెప్పదలచుకున్నది ముందు ఇంటి భాషలో నోటితో చెప్పేస్తే, తర్వాత ఇంగ్లిష్ వాక్యాలకు వెతుకులాట సగం తగ్గుతుంది. గుడివాడ నుంచి బందరు వెళ్లే బస్సులో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని "ఈ అధ్యాయంలో అసలు సంగతేమిటంటే..." అని పది నిమిషాలు మాట్లాడినా పక్క సీటువాళ్లు ఎవరితోనో మాట్లాడుతోందనుకుంటారు. హారన్ల మోతకు ఫోన్ కొన్ని మాటలు మింగేస్తుంది, అదొక్కటే నష్టం.

తోడు ఉంటే ఇంకా సులువు. ముట్నూరి గారి ఆఫీసులో సాయంత్రం పూట నలుగురూ చేరగా సాగిన కృష్ణాపత్రిక దర్బారు అనే గోష్ఠి బందరులో ఒక సంస్థ లాంటిది. అంత హంగు అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు సహోద్యోగులు శుక్రవారం ఆఖరి పీరియడ్ అయ్యాక లైబ్రరీలో ఒకే బల్ల దగ్గర ముప్పావుగంట కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకోవటం చాలు. ఒకరి రాతలు ఒకరు దిద్దటం పెట్టుకోకూడదు, అక్కడే స్నేహాలు చెడతాయి. ఒకరు రాకపోతే ఎందుకు రాలేదని అడగకూడదు. వచ్చే శుక్రవారం ఉంటాం అని మాత్రం చెప్పాలి.

అన్నీ క్షమించుకుంటూ పోతే ఎప్పటికి పూర్తవుతుందన్న సందేహం న్యాయమైనదే. దానికొక గీటురాయి ఉంది. నల్ల గళ్లు రాత లేకుండా పోతే బెంగ లేదు. తెల్ల గళ్లు వరసగా రెండు అలాగే పోతే, అడ్డం పడుతున్నది సమయం కాదు. అంశం మరీ పెద్దదైపోయి ఉండొచ్చు, సామగ్రి చాలకపోయి ఉండొచ్చు, గైడు అన్న మాట ఏదో గుచ్చుకుని ఉండొచ్చు. అప్పుడు ఇంకో టైంటేబుల్ గీయటం దండగ. గైడు దగ్గరికో, ఈ దారిలో ముందు నడిచిన మిత్రుడి దగ్గరికో వెళ్లి కూర్చుని అసలు సంగతి మాట్లాడాలి.

గడువులూ తెలిసి ఉండాలి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. మహిళలకు, నలభై శాతం దాటిన వైకల్యం ఉన్నవారికి ఆపైన ఇంకో రెండేళ్ల సడలింపు. మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ కోసం మొత్తం మీద 240 రోజుల దాకా సెలవు. సమర్పణకు ముందే పేపర్లు అచ్చవ్వాలన్న షరతును యూజీసీ ఎత్తేసింది, అయితే సొంత విశ్వవిద్యాలయం ఏమంటోందో కనుక్కోవాలి. ఈ సడలింపులు దయాధర్మాలు కావు, నిబంధనలు. వాడుకోవటానికి మొహమాటపడి, అవసరమైన సెలవు అడక్కుండా ఏడాదంతా తిట్టుకుంటూ గడిపేవాళ్లు కాలేజీకి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.

ఆ నిబంధనలే ప్రతి సెమిస్టర్‌లోనూ పరిశోధన సలహా సంఘం ముందు ప్రగతి నివేదిక పెట్టమంటాయి. పన్నెండు గళ్ల కాగితం అక్కడ అక్కరకొస్తుంది. పరీక్షల సెమిస్టర్ నివేదికలో 'పని సాగుతోంది' అనే గాలిమాట బదులు ఉన్నదున్నట్టు రాయొచ్చు: రెండు ఇంటర్వ్యూలు పూర్తిగా కాగితం మీదికి వచ్చాయి, గ్రంథసూచి సరిచూడటం అయింది, మూడో అధ్యాయం విభజన మారింది, కొత్త చిత్తుప్రతి పేజీలు లేవు, అవి మేలో. మేలో పని సాగాలంటే ఏం కావాలో కూడా ఆ సమావేశంలోనే అడగాలి: గైడు సంతకంతో పరిచయ లేఖ, ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్లకు అర్థమయ్యే తెలుగులో సమ్మతి పత్రం. సెలవుల్లో డ్యూటీ వెయ్యొద్దని ప్రిన్సిపాల్‌కు అర్జీ ఫిబ్రవరిలోనే పెట్టాలి. ఆ అర్జీ ఒక్కోసారి పారదు. అందుకని పాలకాయతిప్ప ప్రయాణానికి మే రెండో వారం, జూన్ మొదటి వారం రెండూ రాసుకుని, జూన్ 14 లోపు ఏదో ఒకటి దక్కేలా చూసుకోవాలి.